ఇరవై ఏడు నిమిషాల ఖాళీ హాలు

సెప్టెంబర్ 7, ఆదివారం

కళల పేజీ చదవడం మానేసి ఏడాదయింది. ఈ రోజు కూడా చదవలేదు. టీ కప్పు కింద వేసుకుందామని పేపరు విప్పితే అదే పేజీ పైకి వచ్చింది, అంతే.

"మన ఊరి గొంతులు" అని అరచేయంత అక్షరాలు. మొత్తం పదకొండు. పాడేవాళ్లు నలుగురు, నటులు ముగ్గురు, కవితలు చదివే ఒకావిడ, ప్రతి సభలోనూ వక్తల్ని పరిచయం చేసే లెక్చరరు, కొత్త షాపింగ్ కాంప్లెక్సు లిఫ్టులో "తలుపులు మూసుకుంటున్నాయి" అని చెప్పే అమ్మాయి. పదకొండో గొంతు రైల్వేస్టేషన్ ఎదురు హోటల్లో ఉండే చిలుకది. అది ఈల వేస్తుందట.

ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి నా రేడియో వస్తోంది. నా ఇంట్లోంచి, నా మైకులోంచి, ఇంటర్నెట్‌లో ఎవరైనా, తర్వాతైనా వినవచ్చు. వెనక కంపెనీ లేదు, ముందు ప్రకటనలు లేవు. నాటకాలకు బోర్డులు రాసే ఆయన, నటులకు పక్కనుంచి మాటలు అందించే ఆవిడ, వయొలిన్ తీగలు మార్చే పిల్ల, ఇలా ఎవరూ మాట్లాడించని మూడు వందల మందిని మాట్లాడించాను. పేజీలో ఒక్క ముక్క రాలేదు. చిలుకకు రెండు కాలమ్‌లు ఇచ్చారు.

నాకేం బాధ లేదు. మనిషికి పట్టించుకోని గుణం ఉండాలి.

కింద కుట్టు షాపులోంచి వదిన కేకేసి, చిలుక ఫొటో చూశావా అని అడిగింది. నేను ఆ పేజీ చూడనని తెలుసు కదా అన్నాను. "ముక్కు ఎంత ఎర్రగా ఉందో" అంది. "నలుపు తెలుపు ఫొటోలో ఎరుపెక్కడ కనిపించింది వదినా?" అన్నాను.

"చూడలేదన్నావుగా" అంది. ఆ తర్వాత మిషన్ చప్పుడు, దాని మీదుగా ఆమె నవ్వు.

సెప్టెంబర్ 8, సోమవారం

చిలుక గురించి ఆలోచించలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

పేజీగారికి మెయిల్ పంపాను. పేజీగారు అంటే కళల పేజీ చూసే ఆయన. అసలు పేరుతో పిలిచేంత చనువు మాకు లేదు. ప్రతి మంగళవారం "ఈ శుక్రవారం నా కార్యక్రమంలో ఫలానావారు" అని రెండు వాక్యాలు పంపుతాను. మూడు వందల మెయిళ్లకు ఒకే ఒక్క జవాబు వచ్చింది, నాలుగేళ్ల కిందట. "నేను సెలవులో ఉన్నాను, సోమవారం అందుబాటులోకి వస్తాను" అని. అది యంత్రం పంపిందని తెలుసు. అయినా దాచుకున్నాను.

బస్టాండులో ఇరవై రెండేళ్లు ఎనౌన్సరుగా చేశాను. ఊరు ఊరంతా నా మాట విని పరిగెత్తింది. ఒక్కరూ తలెత్తి ఆ గాజు గది వైపు చూడలేదు. చివరికి నా స్థానంలో యంత్రం గొంతు పెట్టినప్పుడు ఎవరికైనా తేడా తెలుస్తుందేమోనని వారం రోజులు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. బస్సులు వేళకే వెళ్లాయి.

ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానో. రేపు నాటకశాలకు వెళ్లాలి. రికార్డరుకు కొత్త బ్యాటరీలు వేశాను.

సెప్టెంబర్ 10, బుధవారం

ఎంత మంచి రోజు!

నాటకశాలలో నలభై ఒక్క ఏళ్లుగా తెర లాగే ఆయన్ని ఈ రోజు మాట్లాడించాను. అందరూ తెరబాబాయి అంటారు. డెబ్బై దాటాయి. చేతులు మాత్రం పడవ తాళ్లు లాగినవాడివిలా ఉన్నాయి.

ఎప్పటిలాగే ముందు గది చప్పుడు పట్టుకుందామనుకున్నాను. ఎవరూ మాట్లాడకుండా ఆ గది ఒక్క నిమిషం. తర్వాత మాటల్ని కోసి అతికినప్పుడు అతుకు తెలియకుండా కింద అది వేస్తాను. ఒకసారి వదినకు ఇదంతా వివరిస్తే, "మాటకు లైనింగన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఏ గదికి వెళ్లినా ఆ గది చప్పుడు తెచ్చుకోవడం నాకు అలవాటు. పంటి డాక్టరు వెయిటింగ్ రూమ్ దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి నా దగ్గర.

రికార్డరు స్టేజీ మధ్య పెట్టి, "బాబాయిగారూ, నేను చెప్పేదాకా మాట్లాడకండి" అని మీట నొక్కాను. అంతలో ఆఫీసులోంచి మేనేజరు పిలిచాడు. ఎవరి అనుమతి, ఏ రేడియో, లైసెన్సు ఉందా, కాగితం మీద రాసి సంతకం పెట్టండి, ఆ కాగితం కాదు ఈ కాగితం. తిరిగొచ్చేసరికి రికార్డరు ఇరవై ఏడు నిమిషాలు చూపిస్తోంది. తెరబాబాయి తాళ్లు చూసుకుంటూ, గిలకలకు నూనె పెట్టుకుంటూ తిరుగుతున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇంతసేపూ ఎందుకు ఊరుకున్నారంటే, "మీరు చెప్పలేదుగా" అన్నారు.

ఆ తర్వాత మాట్లాడారు చూడండి! తెర ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలట, దించేటప్పుడు వదలాలట. నవ్వించే నాటకానికి తెర ఒకలా పడాలి, ఏడిపించే నాటకానికి ఇంకోలా. తెర వెనక మనిషి అడుగుల చప్పుడు ముందు వరుసకు వినిపిస్తే ఆ మనిషి పని మానుకోవాలట. కొత్త చెప్పులు కొంటే నెల రోజులు ఇంట్లోనే తొడుక్కుని, చప్పుడు పోయేదాకా అరగదీసి, అప్పుడు హాలుకు తెస్తారట. నలభై ఒక్క ఏళ్లలో తనను మైకు ముందు కూర్చోబెట్టింది నేనేనని మూడుసార్లు అన్నారు.

సెప్టెంబర్ 11, గురువారం

కోతలన్నీ అయ్యాయి. తెరబాబాయి మాటలు సరిగ్గా ఇరవై ఏడు నిమిషాలు తేలాయి. నిన్నటి ఖాళీ హాలు ఇరవై ఏడు, ఈ మాటలూ ఇరవై ఏడు. కొలత కుదరడమంటే ఇదీ అని వదినకు చెప్పాను. కొలతల గురించి నాకు చెబుతున్నావా అంది.

పొద్దున ముందుమాట రికార్డు చేయడానికి నేల మీద కాలితో రెండుసార్లు తన్నాను. కింద మిషన్ ఆగింది. పని అయ్యాక ఒకసారి తన్నాను. మళ్లీ మొదలైంది. అన్నయ్య పోయిన మూడేళ్లకు మేడ మీద నేను మైకు పెట్టాను. అప్పట్నుంచీ ఇంట్లో ఇదే మా టెలిఫోను.

ముందుమాట బాగా వచ్చింది: "ఈ రోజు మనతో ఉన్నది మీరెప్పుడూ చూడని మనిషి. ఆయన గురించి నేనేమీ చెప్పను. మీరే వినండి."

మధ్యాహ్నం పోస్టులో ఆహ్వానం వచ్చింది. కళల పేజీకి పదేళ్లు నిండాయట, రేపు సాయంత్రం అయిదున్నరకు సభ. ఆరింటికి నా కార్యక్రమం. వెళ్లను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

వెళ్లాను. ప్రసారం దానంతటదే మొదలయ్యేలా కంప్యూటరులో పెట్టి వెళ్లాను. ఆరేళ్లలో ఆరింటికి నేను నా గదిలో లేకపోవడం ఇదే మొదటిసారి.

పేజీగారు దొరికారు. నేను నమస్కారం పెట్టి రెండు మాటలు మాట్లాడానో లేదో, కళ్లు చికిలించి, "మీ గొంతు ఎక్కడో విన్నట్టుందే" అన్నారు. నేను ఒకడుగు ముందుకు వేశాను. "ఆరో నంబరు ప్లాట్‌ఫారం!" అన్నారు. చదువుకునే రోజుల్లో నేను ప్లాట్‌ఫారం మార్చి చెప్పడం వల్ల ఆయనకు బస్సు తప్పిందట. ఆ కథ పక్కనున్న వాళ్లందరికీ చెప్పారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రేడియో సంగతి ఎత్తబోతుంటే ఫొటోగ్రాఫరు వచ్చి, అమ్మా కొంచెం పక్కకు జరగండి అన్నాడు.

నా వెనక పంజరం ఉంది. చిలుక కూడా వచ్చింది సభకు.

సెప్టెంబర్ 13, శనివారం

టిఫిన్ దగ్గర వదిన, "నిన్న నీ కార్యక్రమం బాగుంది. ఎవరూ మాట్లాడలేదు" అంది. ఎగతాళి అనుకున్నాను. పైకి వెళ్లి చూస్తే నిజమే. తెరబాబాయి మాటల బదులు ఖాళీ హాలు వెళ్లింది. రెండు ఫైళ్లకూ "తెర 27" అని పేరు పెట్టిన మహాతల్లిని నేనే. "ఆయన గురించి నేనేమీ చెప్పను, మీరే వినండి" అన్న తర్వాత ఇరవై ఏడు నిమిషాలు గిలక కిర్రుమనడం, ఎక్కడో పావురం, చెప్పుల చప్పుడు.

యాభై ఒక్క మంది విన్నారు. ఎప్పుడూ నలభై దాటరు. ఒక్కరూ మధ్యలో వెళ్లిపోలేదు. అది మరీ సిగ్గుగా ఉంది.

వదిన ఆ అరగంటా మిషన్ ఆపుకుని కూర్చుందట. నేను ఇంట్లో లేనుగా, తన్నలేదుగా, ఎందుకు ఆపావంటే, "శుక్రవారం ఆరింటికి కాలు దానంతటదే ఆగుతుంది" అంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

వచ్చింది.

కళల పేజీలో. సగం పేజీ. "మౌనానికి తెర ఎత్తి" అని శీర్షిక. శుక్రవారం సభ నుంచి కారులో ఇంటికి వెళ్తూ, ఎవరో మిత్రుడు పంపితే పేజీగారు విన్నారట. శనివారం రాసి ఆదివారం వేశారంటే ఎంత కదిలిపోయి ఉండాలి! నా పేరు నాలుగుసార్లు ఉంది. ఒకచోట అచ్చుతప్పు పడింది, ఫరవాలేదు.

"మాట అనే బరువును దించి, ఖాళీ అనే నిండుదనాన్ని మన చేతికి అందించిన సాహసం ఇది. మీరెప్పుడూ చూడని మనిషి అంటూ పరిచయం చేసి, ఎవరినీ వినిపించకపోవడంలో ఎంత లోతు! దూరంగా వినవచ్చే ఆ పాదధ్వని ఒక రూపకం."

అయిదు కాపీలు తెచ్చాను. వదినకు చదివి వినిపించాను. రూపకం అంటే ఏమిటని అడిగింది. "అవి చెప్పులు కావని అర్థం" అన్నాను. "చెప్పులే. కొత్తవి" అంది. ఆమెకు కళ గురించి తెలియదు.

నాకు పాడాలని ఉంది. మెట్లు ఎక్కుతూ పాడాను కూడా. యాభై మూడేళ్ల మనిషిని, రెండేసి మెట్లు ఎక్కాను.

సెప్టెంబర్ 15, సోమవారం

పేజీగారే స్వయంగా ఫోన్ చేశారు. ఆదివారం ఇరవై ఎనిమిదిన ప్రత్యేక సంచిక వస్తోందట. అందులో "ఈ ఏటి గొంతు" అని నిండు పేజీ, నిలువెత్తు ఫొటోతో, నాకు! ఈ శుక్రవారం మరో మౌనం ప్రసారం చేస్తే వ్యాసానికి బలం వస్తుందన్నారు. ఆలోచన ఎలా వచ్చింది మేడమ్ అని అడిగారు. అది లోపలి నుంచి వస్తుందన్నాను.

ఒక విధంగా అబద్ధం కాదు. కంప్యూటరు లోపలి నుంచే వచ్చింది.

అయినా పొరపాటు అని ఎవరన్నారు? రెండు ఫైళ్లకూ ఒకే పేరు ఎందుకు పెట్టాను? మనసు లోతుల్లో నాకు తెలుసేమో. కళాకారులకు ఇలా జరుగుతుందని ఎక్కడో చదివాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

వినేవాళ్లు ఆరు వందలు దాటారు. కూరల కొట్టు అతను కూడా, మీరేనటగా మాట్లాడని రేడియో అన్నాడు.

సెప్టెంబర్ 17, బుధవారం

పొద్దుటి నుంచీ గది చప్పుళ్లన్నీ బయటికి తీసి విన్నాను. లైబ్రరీ బాగుంది గానీ ఒకాయన దగ్గుతున్నాడు. పంటి డాక్టరు వెయిటింగ్ రూములో భయం వినిపిస్తుంది, పేజీగారికి నచ్చవచ్చు. ఫొటోకు ఏ బట్టలు వేసుకోవాలని వదినను అడిగితే, మౌనంగా ఉన్నవి వేసుకో అంది.

ఆ అయిదు కాపీల్లో ఒకటి కనబడలేదు. చూస్తే వదిన దాని మీద కాలర్ నమూనా గీసి కత్తిరించింది. ఆమె కొలతలన్నీ పాత పేపర్ల మీదే కత్తిరిస్తుంది. ఇది పాత పేపరు కాదని గట్టిగా అరిచాను. మూడు రోజులైందిగా అంది.

సెప్టెంబర్ 18, గురువారం

వదిన కాజాలు కుడుతూ, తలెత్తకుండా అడిగింది: "ఆ తెర లాగే ఆయన మాటలు ఎప్పుడు వేస్తావు?"

వేస్తాలే అన్నాను.

"ఆయన శుక్రవారం విని ఉంటాడుగా. ఏమన్నాడు?"

ఏమన్నారో నాకు తెలియదు.

శనివారం నుంచి ఇప్పటిదాకా రాసిందంతా వెనక్కి తిప్పి చదివాను. ఆరు రోజులు. నా పేరు ఎన్నిసార్లు అచ్చయిందో రాశాను. కూరల కొట్టు అతను ఏమన్నాడో రాశాను. తెరబాబాయికి ఫోన్ చేయాలన్న ఆలోచన ఏ రోజూ లేదు. రాయడం మరిచిపోవడం కాదు. ఆలోచనే రాలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం, పొద్దున

ఇప్పుడే తెరబాబాయి ఇంటి నుంచి వచ్చాను. మరిచిపోకముందే రాయాలి.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది ఆయన భార్య. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. గది నిండా కుర్చీలు, ఒకదానికొకటి పోలికలేని కుర్చీలు. పోయిన శుక్రవారం ఇరుగుపొరుగు వాళ్లు ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని కూర్చున్నారట, తెరబాబాయి రేడియోలో వస్తున్నారని. ఈ రోజు మళ్లీ వస్తుందేమోనని ఎవరూ పట్టుకెళ్లలేదట.

ఆ కుర్చీల్లో ఒకదాని మీదే కూర్చున్నాను.

తర్వాత ఆవిడ చెప్పింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రేడియోలోంచి మాట రాలేదు. అందరూ ఆయన ముఖం చూశారు. ఆయన కాసేపు చెవి ఒగ్గి విని, "ఇది ఎడమవైపు మూడో గిలక, నూనె పెట్టకముందు" అన్నారట. ఇంకాసేపటికి, "ఇప్పుడు పెట్టాను" అన్నారట. కిర్రు ఆగిపోయిందట. అంతే, వచ్చిన పదకొండు మందీ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఇరవై ఏడు నిమిషాలూ ప్రతి చప్పుడూ ఏమిటో ఆయన చెబుతూనే ఉన్నారు. నా కార్యక్రమం పద్ధతే అది అనుకున్నారట, చప్పుళ్లు నేను వేస్తే మాటలు ఆయన చెప్పుకోవాలని.

"నలభై ఒక్క ఏళ్లు. ఈయన అక్కడ ఏం చేస్తాడో నాకు ఆ రోజే తెలిసిందమ్మా" అంది పిన్నిగారు.

తెరబాబాయికి మాత్రం ఒక్కటే సిగ్గుగా ఉందట. ఊరందరికీ ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ రోజు నాటకం లేదు కదా అని కొత్త చెప్పులు అరగదీయకుండానే వేసుకొచ్చారట. పేపర్లో కూడా దాని గురించి పడేసరికి రెండు రోజులు హాలుకు వెళ్లలేదట.

పిన్నిగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అప్పుడు ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నేను మాట్లాడింది బాగా రాలేదామ్మా?"

ఆ ప్రశ్న నాకు తెలుసు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం పేపరు విప్పి నేను అడుగుతున్న ప్రశ్న అదే. ఇప్పుడు దానికి జవాబు చెప్పాల్సిన చోట నేను కూర్చున్నాను. ఆరు రోజులు నేను పేజీగారిని అయిపోయాను.

చాలా బాగా వచ్చిందని చెప్పాను. అది వేయబోయి ఇది వేశానని, నా పొరపాటని, పేపరుకు తెలియదని, తెలియనివ్వలేదని అన్నీ చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా.

ఒకసారి ఆయనా అంతేనట. రెండో అంకం చివర పడాల్సిన తెర ఒక పేజీ ముందే పడేశారు. హీరో నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. హాలంతా లేచి చప్పట్లు. ఏం ముగింపు, ఏం ముగింపు అని దర్శకుణ్ని మెచ్చుకున్నారట.

"మరి మీరేం చేశారు?" అన్నాను.

"మర్నాడు సరిగ్గా లాగాను" అన్నారు. "చప్పట్లు తగ్గాయి. కానీ హీరో తన మాట చెప్పుకున్నాడు."

అదే రోజు, మధ్యాహ్నం

పేజీగారికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట రాలేదు. మౌనం ఆయనకు ఇష్టమే కదా అని ఊరుకున్నాను. చివరికి, "ఈ సంగతి బయటికి ఎందుకు మేడమ్? ప్రత్యేక సంచిక సగం తయారైపోయింది" అన్నారు. సాయంత్రం ఆరింటికి చెబుతానన్నాను. మీ ఇష్టం అన్నారు. ఆ మాటలోనే నా నిండు పేజీ వెళ్లిపోయిందని తెలిసింది. బాధగానే ఉంది. లేదని రాస్తే ఈ డైరీ కూడా నమ్మదు.

తర్వాత ఆకలేసింది. శుభ్రంగా తిన్నాను.

అదే రోజు, ఏడు గంటలకు

చెప్పాను. రెండుసార్లు తన్ని, మిషన్ ఆగాక, ప్రసారం నడుస్తోందని తెలిపే ఎర్ర దీపం వెలిగించి, పోయిన వారం మీరు విన్నది ఖాళీ హాలని, అది నా తెలివి కాదు నా పొరపాటని, ఆ చెప్పుల చప్పుడు రూపకం కాదు ఫలానావారి కొత్త చెప్పులని చెప్పాను. తర్వాత తెరబాబాయి మాటలు వేశాను. ఫైలు పేరు మూడుసార్లు చూసుకున్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

ఆరు వందల మందిలో అయిదు వందల మంది ఎగిరిపోయారు. మిగిలినవాళ్లలో ఇరవై ముగ్గురు తెరబాబాయికి ఉత్తరాలు రాశారు. అన్నీ అచ్చు తీయించి పట్టుకెళ్లాను. పిన్నిగారు చదువుతుంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు. హాలుకు వెళ్తున్నారట మళ్లీ. పాత చెప్పులతో.

ఆ ఇంట్లో కుర్చీలు అలాగే ఉన్నాయి. ప్రతి శుక్రవారం అందరూ అక్కడే కూర్చుని వింటారట. ఇప్పుడు నేను ఆ కుర్చీల కోసం కార్యక్రమం చేయాలి. చేతినిండా పని.

సెప్టెంబర్ 21, ఆదివారం

కళల పేజీలో అడుగున, చెప్పుల దుకాణం ప్రకటన పక్కన, ఒక్క వాక్యం: "గత వారం ప్రచురించిన వ్యాసంలో ప్రస్తావించిన ప్రసారం సాంకేతిక పొరపాటు వల్ల జరిగిందని సంబంధితులు తెలిపారు."

సంబంధితులు అంటే నేనే.

వదిన కత్తెర తెచ్చి ఆ ముక్క నీటుగా కత్తిరించి, నా గది తలుపు మీద పిన్నులతో గుచ్చింది. భోజనానికి రమ్మని, "సంబంధితులు కిందికి దిగుతారా" అని పిలిచింది. ఇద్దరం నవ్వలేక నవ్వలేక చచ్చాం. అన్నయ్య పోయాక ఆమె అంతగా నవ్వడం చూడలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఈ రోజు పేజీగారికి మెయిల్ పంపలేదు. తెరబాబాయికి ఫోన్ చేసి, శుక్రవారం ఎవరొస్తే బాగుంటుంది అని అడిగాను. "మీరు కాలు తన్నితే కింద ఎవరో మిషన్ ఆపుతారని మొన్న మా ఇంట్లో చెప్పారే, ఆవిడెవరు?" అన్నారు.

మూడు వందల శుక్రవారాలు. ఆవిడ గురించి రేడియోలో ఒక్కసారి చెప్పలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

వదినను అడిగాను, మైకు ముందుకు రమ్మని. ససేమిరా అంది. నాకేం మాటలొస్తాయి, నేనేం కళాకారిణినా, జాకెట్లు ఎవరు కుడతారు, పో అంది. మధ్యాహ్నం మళ్లీ అడిగాను. ఈసారి కత్తెర చూపించింది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఆరు గంటలకు ఎర్ర దీపం వెలిగించాను. "ఈ రోజు మనతో ఉన్నది మీరెప్పుడూ చూడని మనిషి. ఆవిడ గురించి నేనేమీ చెప్పను. మీరే వినండి" అన్నాను. నేల మీద తన్నలేదు. మైకు కిందికి వంచి ఊరుకున్నాను.

నిజానికి అనుమానంగానే ఉంది, కాలు దానంతటదే ఆగుతుందని ఆమే చెప్పిందిగా. ఈ రోజు ఎవరిదో అర్జెంటు పని ఉన్నట్టుంది, ఆగలేదు. కింద మిషన్ చక్కగా నడుస్తోంది. పొడుగు కుట్టు, మలుపు, పొట్టి కుట్టు. పాదం ఎత్తడం, దించడం. కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆరేళ్లుగా నేను ఆపిస్తున్నది ఇదా అనుకున్నాను. ఎంత బాగుందో.

మూడు నిమిషాలకు టక్కున ఆగింది. గడియారం చూసినట్టుంది. తర్వాత ఏ చప్పుడూ లేదు, తన్నుడు కోసం ఎదురుచూస్తోంది. నేను తన్నలేదు. మెట్ల మీద అడుగులు వినిపించాయి, గబగబా. తలుపు తెరుచుకుంది.

"తన్నలేదేమిటి? ఒంట్లో బాగాలేదా?" అంది వదిన. చేతిలో ఇంకా సూది ఉంది. ముఖం పాలిపోయి ఉంది.

ఎర్ర దీపం వైపు చూపించాను. ఆమె దీపాన్ని చూసింది, మైకును చూసింది, నన్ను చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చాలా చిన్న గొంతుతో, "ఎంతమంది వింటున్నారు?" అని అడిగింది.

తొంభై ముగ్గురు అన్నాను. పదకొండు కుర్చీలు అదనం అన్నాను.

వదిన సూదిని భుజం దగ్గర గుచ్చుకుని, జుట్టు సర్దుకుని, నా ఎదురుగా కూర్చుంది. ఇరవై నాలుగు నిమిషాలు మాట్లాడింది. నేను ఒక్క కోత కూడా పెట్టలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఈ రోజు కళల పేజీ చదవలేదు. వదినకు వచ్చిన ఉత్తరాలు ఇద్దరం కూర్చుని చదువుకున్నాం. ముప్పై ఒకటి. ఒకరు కాజా గుండ్రంగా రావాలంటే ఏం చేయాలని అడిగారు.

సాయంత్రం అయిదింటికి గాని ఆ పేజీ సంగతి గుర్తు రాలేదు. కిందికి వెళ్లి వెతికితే కత్తిరింపుల బల్ల మీద దొరికింది. నిండు పేజీ, నిలువెత్తు ఫొటో, ఈసారి రంగుల్లో. "ఈ ఏటి గొంతు" చిలుకకే వచ్చింది. వదిన అప్పటికే దాని మీద జాకెట్టు చేతి నమూనా గీసి, ముక్కు మీదుగా చంక కత్తిరించేసింది.

ముక్కు ఎర్రగానే ఉంది.